జీడి పొగలో పోయే డబ్బు

పర్యావరణం కోసం కొత్త మిషన్లకు డబ్బు పెట్టమంటే యజమాని ముందు అడిగేది "నాకేంటి?" అనే. తప్పేం కాదు, ఖర్చు అతనిది. శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పు పరిశ్రమలో ఆ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

పాత పద్ధతిలో జీడి పిక్కల్ని (పెంకుతో ఉన్న గింజల్ని) ఇనప డ్రమ్ములో వేసి కాల్చేవారు. పెంకులోని నూనె అంటుకుని, పెంకు పెళుసెక్కి, కొట్టగానే పగిలేది. దాంతోపాటు కళ్లు మండే నల్లటి పొగ. పిక్క బరువులో దాదాపు మూడింట రెండొంతులు పెంకే, అందులో నాలుగో వంతు దాకా నూనె. అంటే 100 కిలోల పిక్కల్లో 15 కిలోల పైచిలుకు! అందులో చాలా భాగం ఊరి మీద పొగై తేలిపోయేది.

ఆ నూనెలో ముఖ్యమైనది అనకార్డిక్ ఆమ్లం: ఫినాల్ వలయం (OH తగిలిన ఆరు కార్బన్ల చక్రం), దానికో ఆమ్ల సమూహం, 15 కార్బన్ల తోక. వేడి చేస్తే ఆమ్ల సమూహం కార్బన్ డయాక్సైడుగా ఊడిపోయి కార్డనాల్ మిగులుతుంది. ఇలా ఆమ్ల సమూహం ఊడిపోవడమే డీకార్బాక్సిలేషన్. ఇంటర్‌లో దాన్ని సోడాలైమ్ ఉదాహరణతో బట్టీ పట్టిస్తాం గానీ, శ్రీకాకుళం పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పం. కార్డనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే వలయాలు ఒకదానికొకటి ముడిపడి ప్లాస్టిక్ లాంటి గట్టి రెజిన్ అవుతుంది. తోక వల్ల అది పెళుసుబారదు. అందుకే లారీ బ్రేకు లైనింగుల్లో వాడతారు. దిష్టి తీసి నిప్పుల్లో వేసే నల్లజీడి గింజలో ఉన్నదీ కార్డనాల్ చుట్టమే. చిటపటలాడేది ఆ నూనె, పక్కింటావిడ కన్ను కాదు.

ఇప్పుడు పిక్కల్ని ఆవిరిలో ఉడికించి కోస్తున్నారు. నూనె పెంకులోనే ఉంటుంది, ఎక్స్‌పెల్లర్‌లో (నూనె పిండే మిషన్లో) పిండితే అమ్ముడుపోతుంది. ఆవిరి కోసం బాయిలర్ కొన్న డబ్బుకు రాబడి ఉంది, గాలీ బాగుపడింది.

కానీ పెంకుల్నీ, పిండగా మిగిలిన పిప్పినీ మళ్లీ పొయ్యిలోకే తోస్తారు. వేడికి నూనె ఆవిర్లు ఒక్కసారిగా లేస్తాయి, పైనుంచి గాలి చాలకపోతే మండకుండానే పొగగొట్టం ఎక్కుతాయి. మంట పైభాగానికి గాలి కొట్టే బ్లోయర్ పెడితే ఆ పొగే ఇంధనమవుతుంది కాబట్టి యజమాని ఒప్పుకుంటాడు. సన్నటి బూడిదను పట్టే ఫిల్టరు మాత్రం పైసా తేదు. దాన్ని పెట్టించాల్సింది కాలుష్య నియంత్రణ మండలే.

కోతకు కూర్చునే ఆడవాళ్ల చేతుల సంగతీ అంతే. పెంకులో మిగిలిన నూనె వేళ్లకు అంటి చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. గ్లౌజులు తొడిగితే చెయ్యి ఆడదు, కిలో లెక్కన వచ్చే కూలి తగ్గుతుంది. ఆ నష్టం ఎవరు భరించాలో తేలకుండా గ్లౌజులు పంచితే అవి మూలన పడి ఉంటాయి.