హాఫెన్‌హైమ్: గొడవ డబ్బుతో మొదలైంది, ఓటుతో ముదిరింది

జర్మన్ ఫుట్‌బాల్‌లో ‘50+1’ నిబంధన మళ్లీ వివాదంలో పడింది. ప్రొఫెషనల్ జట్టును కంపెనీగా మార్చుకున్నా, అందులో ఓటింగు మెజారిటీ సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్న ఈ నిబంధనను అందరికీ ఒకేలా అమలు చేయాలని, లెవర్‌కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ క్లబ్బుల మినహాయింపులు శాశ్వతంగా సాగకూడదని 2025 జూన్‌లో ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ అభిప్రాయపడింది. దాంతో అలాంటి మినహాయింపునే పొంది, తర్వాత వదులుకున్న హాఫెన్‌హైమ్ క్లబ్బు సంగతి తిరిగి ముందుకొచ్చింది.

జిన్స్‌హైమ్ పట్టణంలో భాగమైన హాఫెన్‌హైమ్ జనాభా సుమారు 3,000. ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన డీట్మార్ హాప్ కుర్రతనంలో ఈ ఊరి జట్టుకే ఆడారు. జిల్లా స్థాయి లీగులో ఉన్న ఆ జట్టు ఆయన అండతో 2008లో దేశపు అగ్రశ్రేణి లీగైన బుందెస్‌లిగాకు చేరింది. ఈ కథ అందరికీ తెలిసిందే. అయితే డబ్బు ఆయనదైనా, అన్నేళ్లూ ఓటింగు మెజారిటీ మాత్రం సభ్యులదే. పరిస్థితి మారింది 2015 జూలై 1న. ఇరవై ఏళ్లకు మించి నిరంతరాయంగా క్లబ్బును పోషించినవారికి వర్తించే మినహాయింపు కింద ఆ రోజు ఓటింగులోనూ హాప్‌కు మెజారిటీ దక్కింది. ఊరి క్లబ్బు అన్న మాటకు ఉన్న చట్టబద్ధమైన ఆధారం అక్కడ తెగిపోయింది.

ఆయన సొమ్ము ఊరికి మేలు చేయలేదని ఎవరూ అనలేరు. 30,150 మంది పట్టే కొత్త స్టేడియం 2009లో జిన్స్‌హైమ్‌లో తెరుచుకున్నాక కూడా, ఊళ్లోని పాత మైదానం మూతపడలేదు. మహిళల జట్టు అక్కడే ఆడుతోంది. తమ ఊరివాడు తమ ఊరికి పెట్టాడన్నది మద్దతుదారుల వాదన.

ఇతర క్లబ్బుల అభిమానుల అభ్యంతరాన్ని మాత్రం కేవలం అసూయగా కొట్టిపారేయడం అన్యాయం. చందా కట్టే సభ్యుడి ఓటుకు విలువ లేకపోతే, క్లబ్బుకూ కంపెనీకీ తేడా ఏమిటన్నదే వారి ప్రశ్న. కొందరు దాన్ని హాప్‌పై వ్యక్తిగత దూషణగా మార్చి, ఆ ప్రశ్నకే చేటు తెచ్చారు. దూషణలకు శిక్షగా డార్ట్‌మండ్ అభిమానులందరినీ జిన్స్‌హైమ్ మ్యాచులకు రానివ్వకుండా నిషేధించడంతో ఆగ్రహం మిగతా క్లబ్బులకూ పాకింది. 2020 ఫిబ్రవరి 29న హాఫెన్‌హైమ్‌పై బాయర్న్ మ్యూనిక్ 6-0తో ముందున్న మ్యాచ్, హాప్‌ను దూషిస్తూ బాయర్న్ అభిమానులు ఎత్తిన బ్యానర్ల వల్ల రెండుసార్లు ఆగింది. ఆ దూషణలకు నిరసనగా చివరి 13 నిమిషాలు ఇరుజట్ల ఆటగాళ్లూ బంతిని ఒకరికొకరు అందించుకుంటూ గడిపారు.

2023 మార్చిలో, ఓటింగు మెజారిటీని సభ్యుల సంఘానికి తిరిగి ఇచ్చేస్తున్నట్లు హాప్ ప్రకటించారు. క్లబ్బు కంపెనీ మూలధనంలో అధిక వాటా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఓటు ఒక్కటే 2015కు ముందున్న చోటికి చేరింది.