ఎపాక్సీ గట్టిపడితే పనైపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

చౌటుప్పల్ దగ్గర ఒక షెడ్డులో ఎపాక్సీ (రెసిన్, హార్డనర్ కలిపితే గట్టిపడే ప్లాస్టిక్) పోతపోసి చిన్న సీటీలు, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు, తయారుచేస్తాం. అచ్చులో రెసిన్ ఎంతవరకు గట్టిపడిందో చూడడం నా పని. అచ్చు లోపలి గోడకు సెన్సర్ పెట్టి, రెసిన్‌లో అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) ఎంత తేలిగ్గా కదులుతున్నాయో కొలుస్తాను. వాటి కదలికకు ఎంత అడ్డుందో గ్రాఫులో గీతగా వస్తుంది, అడ్డు పెరిగితే గీత పైకెక్కుతుంది. రోజూ చెవిన పడే మాటలు కొన్ని ఇవి.

అపోహ: పెయింటులాగే ఆరుతుంది, ఫ్యాన్ పెడితే సరి.
ఆరడానికి అందులో నీళ్లూ లేవు, థిన్నరూ లేదు. రెసిన్, హార్డనర్ రసాయనికంగా ముడిపడతాయి, అంతే. ఫ్యాను గాలి మనకే.

అపోహ: హార్డనర్ ఇంకాస్త పోస్తే ఇంకా గట్టిపడుతుంది.
జత దొరకని అమీన్ (హార్డనర్‌లోని రసాయనం) అలాగే మిగిలిపోయి ముక్కను చెడగొడుతుంది. కంటి అంచనాతో పోయకండి, కాటా మీద తూచండి.

అపోహ: డబ్బా మీద 30 నిమిషాలని రాశారు కాబట్టి అరగంట టైముంది.
పాట్ లైఫ్‌ను, అంటే కలిపాక వాడుకోగలిగే సమయాన్ని, సాధారణంగా 25 డిగ్రీల దగ్గర, కొద్దిపాటి రెసిన్‌తో కొలుస్తారు. మే నెలలో నల్గొండ ఎండ 43, 44 దాకా పోతుంది. పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపని మోటు లెక్క. పైగా చర్య తనంతట తానే వేడి పుట్టిస్తుంది. బకెట్ నిండా కలిపి పెడితే ఆ వేడి బయటికి పోక, చివరికి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పోసుకోండి.

అపోహ: అయాన్లున్నాయంటే కల్తీ సరుకే.
మన ఉమ్మడి నల్గొండ జిల్లాలో అయాన్ అనగానే నీళ్లలోని ఫ్లోరైడే గుర్తొస్తుంది, అందుకే ఈ టెన్షన్ కాబోలు. బిస్‌ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్‌లకు కాస్టిక్ సోడా చేర్చి ఈ రెసిన్ చేస్తారు. ఎంత కడిగినా సోడియం, క్లోరైడ్ ఆనవాళ్లు మిగులుతాయి. మోతాదు మించితే ఇన్సులేషన్‌కు చేటే. అసలే లేకపోతే నా సెన్సర్‌కు పనే లేదు.

అపోహ: గ్రాఫు చూపించేది రెసిన్ చిక్కదనమే.
మొదట్లో దాదాపు నిజమే. అచ్చు వేడెక్కుతుంటే రెసిన్ పల్చబడి అయాన్లు చురుగ్గా కదులుతాయి, గీత కిందికి దిగుతుంది. అణువుల గొలుసులు పెరిగేకొద్దీ మళ్లీ పైకెక్కుతుంది. బుడగలు లాగేయడమైనా, మూలమూలకూ రెసిన్ పారించడమైనా గీత ఆ అట్టడుగు చోటు దాటకముందే చేయాలి. జెల్ (గొలుసులన్నీ కలిసి ఒకే వలగా మారే దశ) దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. రెండు ఎపాక్సీ గ్రూపులున్న రెసిన్‌కు నాలుగు చురుకైన హైడ్రోజన్లున్న అమీన్ సరిపాళ్లలో కలిస్తే, సిద్ధాంతం ప్రకారం సుమారు 58 శాతం చర్యకే జెల్ అవుతుంది. చిక్కదనం అనంతమైపోతుంది, పుల్ల గుచ్చి తిప్పితే తిరగదు. గ్రాఫులో మాత్రం ఆ క్షణానికి ప్రత్యేకంగా ఏ గుర్తూ ఉండదు. వల అంతా ఒక్కటే అయినా కన్నుల్లోంచి చిన్న చేప జారిపోయినట్టు, అయాన్లు కదులుతూనే ఉంటాయి. అందుకే జెల్ టైముకు నేను ఇప్పటికీ పుల్లనే నమ్ముతాను. ఆ తర్వాత పుల్లకు తెలిసేదేమీ లేదు, గ్రాఫే చెప్పాలి.

అపోహ: గీత చదునైంది, గోరు దిగడం లేదు, ఇక క్యూర్ (గట్టిపడే చర్య) పూర్తి.
ఇదే అన్నిటికంటే ప్రమాదం. తక్కువ వేడిలో చర్య సగంలో ఉండగానే రెసిన్ గాజులా బిగుసుకుపోవచ్చు. అణువులు కదల్లేక చర్య దాదాపు ఆగిపోతుంది, అయిపోయినట్టు కాదు. అందుకే అచ్చును ఇంకో 20 డిగ్రీలు వేడిచేసి, అక్కడే నిలిపి చూస్తాను. వేడికి గీత ముందు కిందికి జారుతుంది, అది మామూలే. ఆ తర్వాత పైకెక్కడం మొదలుపెడితే మాత్రం, లారీ గేటు దగ్గర హారన్ కొడుతున్నా సరే, ఓవెన్ తలుపు తీయనివ్వను.