చేరిన రోజు రిపోర్టు ఏం చెబుతోంది?

డయాలసిస్ సెంటర్లో ఎవరికైనా రక్తం ద్వారా అంటుకునే కాలేయ వైరస్ హెపటైటిస్‌-బి పాజిటివ్ రాగానే రెండు మాటలు వినిపిస్తాయి. ‘చేరేటప్పుడు మా నాన్నకు లేదు, ఇక్కడే అంటుకుంది’ అని ఇంట్లోవాళ్లు అంటారు. ‘బయట ఎక్కడో రక్తం ఎక్కించుకుని ఉంటారు, మొదట్లో టెస్టుకు దొరకలేదు’ అని యాజమాన్యం అంటుంది. ఈ గొడవ తేలాలంటే 1977 సంగతి చెప్పుకోవాలి.

1974లో అమెరికాలో డయాలసిస్ రోగుల్లో 6.2 శాతం మందికి ఆ ఒక్క ఏడాదిలోనే ఈ వైరస్ కొత్తగా సోకింది. కొన్ని సెంటర్లలో 30 శాతం దాకా వెళ్లింది. 1977లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కొన్ని జాగ్రత్తలు చెప్పింది. అందరికీ క్రమం తప్పకుండా టెస్టు చేయాలి, పాజిటివ్ ఉన్నవాళ్లకు గది, మెషిన్, సిబ్బంది వేరుగా ఉండాలి. 1980కల్లా ఆ 6.2 కాస్తా 1 శాతానికి దిగింది. అప్పటికి టీకా ఇంకా రానేలేదు! జబ్బంతా బయటి నుంచే వస్తుంటే, లోపల పద్ధతి మార్చినంత మాత్రాన ఇంత తగ్గేదా?

అంతకుముందే 1969-70లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో డయాలసిస్, కిడ్నీ మార్పిడి విభాగం నుంచి ఇది పాకి 40 మందికి సోకింది. 11 మంది చనిపోయారు, వాళ్లలో సిబ్బంది కూడా ఉన్నారు.

అందరూ మెషిన్‌నే అనుమానిస్తారు. మందుల ట్రాలీని కూడా చూడాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందును ఒకే సీసాలోంచి నలుగురికి తీస్తారు. ఒకరి ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చేందుకు చేతిలో సిద్ధం చేసిన రక్తనాళం) దగ్గర సూది తీసిన గ్లవుజులతోనే పక్క మెషిన్ బటన్ నొక్కుతారు. బీపీ పట్టీ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతుంది. ఎండిపోయి కంటికి కనపడని రక్తంలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. పైగా ఈ రోగుల్లో చాలామందికి కళ్లు పచ్చబడవు, కామెర్లు కనపడవు. టెస్టు చేస్తే తప్ప తెలియదు.

టీకా మనకు దూరమేమీ కాదు. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్‌-బి టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. కాకపోతే డయాలసిస్ రోగులకు మామూలు డోసు చాలదు, రెట్టింపు ఇవ్వాలి. పని చేసిందో లేదో రక్తపరీక్షలో చూడాలి.

యాజమాన్యం చెప్పే ‘మొదట్లో దొరకదు’ అనే మాట అబద్ధం కాదు. వైరస్ ఒంట్లోకి వచ్చాక టెస్టులో కనపడటానికి సగటున నాలుగు వారాలు, ఒక్కోసారి తొమ్మిది వారాలు పడుతుంది. కానీ ఏడాది పాటు నెలనెలా నెగటివ్ వచ్చిన మనిషికి ఆ మాట వర్తించదు. కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూస్తున్న వాళ్లకైతే దెబ్బ ఇంకా పెద్దది. రోగనిరోధక శక్తిని తగ్గించి కొత్త కిడ్నీని కాపాడే మందులే వైరస్‌ను రెచ్చగొడతాయి, ఏళ్ల తరబడి యాంటీవైరల్ మాత్రలు మింగాల్సి వస్తుంది.

అందుకే ముందు అడగాల్సింది రిజిస్టర్. చేరిన రోజు టెస్టు చేశారా, తర్వాత ఏయే తేదీల్లో చేశారు, ఆ షిఫ్టులో పాజిటివ్ రోగిని చూసిన నర్సే పక్క మంచాన్ని కూడా చూశారా? ఈ కాగితాలు ఉండాల్సింది సెంటర్లో. రోగి ఇంట్లో కాదు.