ఆపిల్ కొమ్మలో మాగాయ ఊట

కందుకూరు నుంచి ఒకావిడ అడిగారు: “కెనడాలో మా అబ్బాయి ఇంటి పెరట్లో ఆపిల్ చెట్టుంది. చలి మైనస్ 30కి పోతుందంట. ఫ్రీజర్‌లో పెట్టిన నీళ్ల సీసా పగులుతుంది కదా, ఆ చెట్టు ఎట్లా బతుకుతోంది?”

జవాబు ఆవిడ మాగాయ జాడీలోనే ఉంది. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తాం. చుక్క నీళ్లు పోయం. అయినా మూడో రోజుకి ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఆ ముక్కల్ని పిండి ఎండబెడితే తోలులా ముడుచుకుపోతాయి, తిరిగి ఊటలో వేస్తే ఉబ్బుతాయి.

జాడీలో ముక్కల్లోని నీటిని బయటికి లాగింది ఉప్పు. ఆపిల్ కొమ్మలో ఆ పని మంచు చేస్తుంది. కణాల మధ్య సందుల్లో ఉన్న నీరు పల్చన, అది ముందు గడ్డకడుతుంది. అదే చలిలో గడ్డకట్టని నీటికన్నా మంచుకు ఆవిరి పీడనం (ఆవిరై పోయే జోరు) తక్కువ. అందుకే కణంలోని నీరు మెల్లగా బయటికి ఊరి ఆ మంచులో చేరుతుంది. లోపల మిగిలేది చిక్కటి పాకం. కిలో నీటిలో ఒక మోల్ (కరిగిన రేణువుల్ని లెక్కపెట్టే కొలత) పదార్థం కరిగితే గడ్డకట్టే స్థానం 1.86 డిగ్రీలు దిగుతుంది. కణంలో మొదట అర మోల్ ఉందనుకుంటే, మైనస్ 10లో గడ్డకట్టకుండా ఉండాలంటే అది 5.4 మోల్స్ కావాలి. అంటే పది చెంబుల నీళ్లలో తొమ్మిది చెంబులు బయటికి పోవాలి! బడిలో ఈ పాఠానికి ఎండుద్రాక్షను నీళ్లలో వేసి చూపిస్తారు. మాగాయ జాడీ తెచ్చి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

తేడా ఒక్కటే. మాగాయ ముక్కలో కణాలు చచ్చిపోయి ఉంటాయి. కొమ్మలోవి అంతగా ముడుచుకుని కూడా, తమ చుట్టూ ఉన్న పల్చటి పొర చిరక్కుండా బతకాలి. అందుకే చలి మొదలవగానే చెట్టు ఎదుగుదల ఆపి, పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటూ, పొరల్లోని కొవ్వుల్ని మార్చుకుంటూ వారాల తరబడి సిద్ధమవుతుంది. జులైలో ఆ కొమ్మకే మైనస్ 10 తగిలితే మాడిపోతుంది.

కొమ్మ కలపలో బతికున్న కొన్ని కణాల గోడలు బిరుసు, ముడుచుకోవు. వాటిలో నీరు గడ్డకట్టకుండానే దాదాపు మైనస్ 40 దాకా ఆగుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా గడ్డకట్టి కణాన్ని చంపేస్తుంది. సైబీరియాలో పెద్ద కాయల ఆపిల్ చెట్లను నేలబారుగా పెంచి మంచు దుప్పటి కింద దాచేది ఇందుకే.

అమ్మా, మీ అబ్బాయికి టెన్షన్ ఉండాల్సింది జనవరిలో కాదు, మే నెల పూతప్పుడు. అప్పటికి ఊట తిరిగి కణాల్లోకి చేరి ఉంటుంది. విచ్చిన పూలు మైనస్ 2కే దెబ్బతినడం మొదలవుతుంది. అలాంటి రాత్రి తోటల రైతులు తెల్లవార్లూ పూల మీద నీళ్లు చిమ్ముతారు. గ్రాము నీరు గడ్డకడుతూ 80 కేలరీల వేడి వదులుతుంది. చిమ్మడం ఆపనంత సేపూ, ఆ మంచు తొడుగులో పువ్వు సున్నా దగ్గరే నిలుస్తుంది.