దసరాకే తుఫాను ఎందుకు వస్తుంది?

బరంపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా ఊళ్లో దసరా పందిళ్లు లేవగానే తుఫాను వస్తుందండీ. అమ్మవారికి మా మీద ఏమైనా కోపమా?"

నవ్వేసి వదిలేయాల్సిన ప్రశ్న కాదిది. ఆమె లెక్కలో చాలా నిజం ఉంది. 1999లో అక్టోబర్ 17–18 తేదీల్లో, నవరాత్రులు ముగిసే వేళకు, బరంపురం ఉన్న ఒడిశా గంజాం జిల్లాలోనే, గోపాలపూర్ దగ్గర పెద్ద తుఫాను తీరం దాటింది. పన్నెండు రోజులకే పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ విరుచుకుపడటంతో లోకం గంజాం తుఫానును మరిచిపోయింది. 2013లో అదే గోపాలపూర్ మీదికి పైలిన్ వచ్చింది. అది అక్టోబర్ 12 రాత్రి, దుర్గాష్టమి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటే సమయానికి నవరాత్రులు మొదలై రెండో రోజు.

కానీ విశాఖను చిదిమేసిన హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. ఆ ఏడు దసరా అప్పటికే అయిపోయి తొమ్మిది రోజులైంది. పండుగ చంద్రుణ్ణి బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. తుఫాను కాలం సూర్యుణ్ణి పట్టుకుని ఉంటుంది. రెండూ అక్టోబర్‌లో కలుసుకుంటాయి, అంతే. అమ్మవారిని ఇందులోకి లాగక్కర్లేదు.

అల్పపీడనం, వాయుగుండం, తుఫాను అనే మెట్ల వరుసను మనందరికీ బడిలో బట్టీ పట్టించారు. దాన్ని వదిలేస్తాను. మెట్ల పేర్లు చెప్పిన మాస్టార్లెవరూ అసలు ప్రశ్న అడగలేదు: జూలైలోనూ బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది కదా, జూలైలో పైలిన్ లాంటిది ఎందుకు రాదు?

పూజగదిలో సాంబ్రాణి వేసి చూడండి. ఫ్యాను ఆపి ఉంటే పొగ నిటారుగా లేస్తుంది. ఫ్యాను వేస్తే, నిప్పు ఎంత రాజుకుని ఉన్నా, జానెడు లేవకముందే చెదిరిపోతుంది. తుఫానుకు నిప్పు వెచ్చని సముద్రం. పొగ స్థానంలో ఉన్నది దాదాపు పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేచే తడిగాలి స్తంభం. పైకి వెళ్లిన ఆవిరి నీటిబొట్లుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడి కేంద్రానికి సరిగ్గా పైనే పోగుపడితే కింద పీడనం పడిపోతుంది, చుట్టుపక్కల గాలి లోపలికి దూసుకొస్తుంది. వేడి పక్కకు కొట్టుకుపోతే స్తంభం ఒరిగిపోతుంది, కథ అక్కడితో సరి.

వర్షాకాలంలో మన మీద ఒకటి కాదు, రెండు ఫ్యాన్లు తిరుగుతుంటాయి. కింద, ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో, నైరుతి రుతుపవనాలు పడమటి నుంచి వీస్తాయి. పైన, పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తులో, తూర్పు నుంచి పడమటికి ఒక గాలి నది పారుతుంది. దాని వేగం తరచు గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. స్తంభం కాళ్లను ఒకటి ఇటు లాగితే, తలను మరొకటి అటు లాగుతుంది. అందుకే జూలై వాయుగుండాలు వానలతో ముంచెత్తుతాయే గాని భీకర తుఫానులుగా ఎదగవు. పైగా అవి ఎక్కువగా అఖాతం ఉత్తర కొసన పుట్టి, ఎదిగే వ్యవధి లేకుండానే నేల ఎక్కేస్తాయి.

అక్టోబర్‌లో రుతుపవనం వెనుదిరుగుతుంది. రెండు ఫ్యాన్లూ ఆగుతాయి. నిప్పు మాత్రం ఆరదు, నీళ్లు ఇంకా 28, 29 డిగ్రీల దగ్గరే ఉంటాయి. పూర్తిగా చలికాలం వస్తే పైన పడమటి నుంచి వేరే ఫ్యాను మొదలవుతుంది, ఉత్తర అఖాతం చల్లబడుతుంది. ఈ రెంటి మధ్య సందులోనే గోపాలపూర్ తుఫానులు వస్తాయి. సాంబ్రాణి పోలిక ఒక్కచోట కుంటుతుంది. పొగ లేచినంత మాత్రాన సాంబ్రాణి నిప్పు ఇంకా రాజుకోదు. తుఫాను మాత్రం తన నిప్పును తానే విసురుకుంటుంది. గాలి పెరిగే కొద్దీ నీరు ఆవిరయ్యే జోరు పెరుగుతుంది, దాంతో గాలి ఇంకా పెరుగుతుంది.

ఈ మాటకు పరీక్ష సెప్టెంబర్. 2018 సెప్టెంబర్ 21న దయే అనే తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. ఫ్యాన్లు ఇంకా పూర్తిగా ఆగని నెల కాబట్టి రెండూ మామూలు తుఫాను స్థాయి దాటలేదు. గులాబ్ గాలి గంటకు 75–85 కిలోమీటర్లు, పైలిన్‌ది 200–210. గాలి తోపుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి గోడ మీద పడే దెబ్బ ఆరు రెట్లకు పైమాటే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెలిక ఇంకొకటి ఉంది. తుఫాను సముద్రాన్ని చిలికి అడుగు చల్లనీటిని పైకి తెచ్చుకుని, తన నిప్పును తానే ఆర్పుకోవాలి. కానీ వానలు ముగిసేసరికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిపోసిన మంచినీరు ఉప్పునీటి మీద పలచటి పొరగా పరుచుకుని ఉంటుంది. ఉప్పు తక్కువ కాబట్టి తేలిక, తేలిక కాబట్టి కిందికి దిగదు. ఆ పొరకూ అడుగు చల్లనీటికీ మధ్య వెచ్చని ఉప్పునీరు ఉండిపోతుంది. ఎంత చిలికినా ముందు వెచ్చని నీరే పైకి వస్తుంది. అంటే శ్రావణ భాద్రపదాల్లో వచ్చిన వరదలే ఆశ్వయుజంలో వచ్చే తుఫానుకు అండగా నిలుస్తాయి. పైలిన్ అక్టోబర్ 10, 11 తేదీల మధ్య ఒక్క రోజులో అంత భయంకరంగా ముదరడానికి అనువైన నెల ఇదే.

పైలిన్ వాయవ్యంగా కదిలింది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. కాబట్టి అలాంటి తుఫాను దారిలో ఉన్న ఊరిని మొదట ఈశాన్యం నుంచి గాలి కొడుతుంది. తర్వాత తుఫాను నడిమధ్య గాలి లేని చోటు, అంటే కన్ను, మీదికి వచ్చి చప్పున నిశ్శబ్దం. కాసేపటికి సరిగ్గా ఎదురు దిక్కు, నైరుతి నుంచి మళ్లీ మొదలు. మొదటి గాలికి వేళ్లు వదులైన చెట్టు రెండో గాలికి అటువైపు కూలుతుంది. గాలివాన తగ్గిందని ఆ మధ్యలో రేకులు సర్దడానికి బయటికి రావడం కన్నా తెలివితక్కువ పని లేదు.

సముద్రం సంగతి మాత్రం గంజాంకు కాస్త కలిసొచ్చింది. పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీటిమట్టం ఒక సెంటీమీటరు లేస్తుంది. పైలిన్‌లో పీడనం తరుగుదల 66 మిల్లీబార్లు, అంటే ముప్పావు మీటరు కూడా కాదు. మిగతా ఉప్పెనంతా గాలి నెట్టిన నీరే. లోతు తక్కువ ఉన్న చోట నీరు వెనక్కి పోలేక గట్టెక్కుతుంది. పారాదీప్ పక్కన సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. 1999 అక్టోబర్ 29న అక్కడ ఐదారు మీటర్ల ఉప్పెన వచ్చి దాదాపు పదివేల మంది పోయారు. గోపాలపూర్ దగ్గర లోతు త్వరగా పెరుగుతుంది. పైలిన్ ఉప్పెన రెండు, రెండున్నర మీటర్లలో ఆగింది. ఒడిశా, ఆంధ్ర తీరాల్లో ముందుగానే దాదాపు పది లక్షల మందిని తరలించడం మిగతా పని చేసింది. మృతుల సంఖ్య పదుల్లోనే ఉండిపోయింది.

తిత్లీ లెక్క వేరు. తీరం దాటాక పైగాలులు దాన్ని ఈశాన్యానికి తిప్పాయి. నెమ్మదిగా గజపతి జిల్లా కొండల మీదుగా నడుస్తూ నీరంతా అక్కడే కుమ్మరించింది. తడిగాలి కొండను ఢీకొని పైకెక్కితే వాన బాగా పెరుగుతుంది. బరఘర గ్రామం దగ్గర వానకు తలదాచుకున్న వారి మీద కొండచరియ విరిగిపడి పన్నెండు మందికి పైగా చనిపోయారు. సముద్రం నుంచి అంత దూరంలో ఉన్న ఊరది. అదే నీరు వంశధారలోకి దిగి శ్రీకాకుళం వైపు పొంగింది.