బంతి రాకముందు

ప్రియమైన పిల్లలకు,

పోయిన ఆదివారం సాయంత్రం మన కాలనీ మైదానంలో జరిగింది మీరు మరిచిపోయి ఉండరు. ఫుట్‌బాల్ ఆట ముగియడానికి రెండు మూడు నిమిషాలు ఉందనగా, పక్కనుంచి ఎత్తుగా వచ్చిన బంతి మీ గోల్ కీపర్ రెండు చేతుల్లోనూ పడినట్టే పడి, జారి, కాళ్ల ముందుకు దొర్లింది. అవతలి జట్టు పిల్లవాడు దాన్ని నెమ్మదిగా లోపలికి నెట్టాడు. మీరంతా ఒక్కసారిగా వాడిమీద అరిచారు. వాడు గ్లౌజులు విప్పి గడ్డిమీద పడేసి, ఎవరి ముఖమూ చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ గ్లౌజులు ఇప్పుడు నా దగ్గరున్నాయి. ఈ ఉత్తరం మీ అందరికీ, అందరికంటే ముందు వాడికి.

అచ్చం అలాంటి బంతే 2008 జూన్ 15న స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఇంకొకరి చేతుల్లోంచి జారింది. యూరప్ దేశాల జట్లు ఆడే యూరో కప్పులో చెక్ రిపబ్లిక్‌కూ టర్కీకీ మధ్య మ్యాచ్. గెలిచినవారు క్వార్టర్ ఫైనల్‌కు, ఓడినవారు ఇంటికి. 75వ నిమిషం దాకా చెక్ జట్టు 2–0తో ముందుంది. అప్పుడు టర్కీ ఒక గోలు చేసింది. 87వ నిమిషంలో కుడివైపు నుంచి బంతి గాలిలో లేచి వచ్చింది. చెక్ గోల్ కీపర్ ఎగిరి అందుకోబోయాడు. బంతి చేతుల్లోంచి జారి నిహత్ అనే టర్కీ ఆటగాడి ముందు పడింది. 2–2. మరో రెండు నిమిషాలకు నిహత్ ఇంకో గోలు కొట్టాడు. చెక్ జట్టు ఇంటిముఖం పట్టింది. బంతి జారవిడిచిన ఆ మనిషి అప్పటికే ప్రపంచంలోని గొప్ప గోల్ కీపర్లలో ఒకడు. పేరు పెతర్ చెఖ్.

అతని కథ మీకు చెప్పాలనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లలకు ఆటలు నేర్పాను. జట్లు పంచేటప్పుడు పరుగెత్తలేని పిల్లవాణ్ణి, ఎవరూ కోరుకోని పిల్లవాణ్ణి తీసుకెళ్లి గోల్‌లో నిలబెట్టాను. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి అదే చేశాను. అది మిగిలిపోయినవాళ్ల చోటు అని నేనే పిల్లలకు నేర్పినట్టయింది. చాలా తప్పు చేశాను. గోల్ కీపర్ పని ఎంత లోతైనదో నాకు ఆలస్యంగా అర్థమైంది. మీకు అంత ఆలస్యం కాకూడదు.

చెఖ్ 1982 మే 20న ప్ల్జెన్ అనే పారిశ్రామిక నగరంలో, ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురిలో ఒకడిగా పుట్టాడు. చెక్ భాషలో చెఖ్ అంటే చెక్ జాతివాడు అనే అర్థం. దేశం పేరే అతని ఇంటిపేరు. ఏడేళ్లకు ఊళ్లోని క్లబ్బులో చేరినప్పుడు అతను ఫార్వర్డ్, గోల్స్ కొట్టే పిల్లవాడు. పదేళ్ల వయసులో కాలు విరిగింది. ఆ తరువాతే గోల్ కీపర్ అయ్యాడు.

ఇక పని సంగతి. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. చెఖ్ ఎత్తు 1.96 మీటర్లు. అంత పొడుగువాడు చేతులు చాచి నిలబడినా రెండు పక్కలా బోలెడంత ఖాళీ మిగులుతుంది. పెనాల్టీ, అంటే గోల్ కీపర్ ఒక్కడే ఎదుట ఉండగా తన్నే బంతి, కొట్టే చోటు గోల్ గీతకు 11 మీటర్ల దూరం. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి ఆ దూరాన్ని సెకనులో పదింట నాలుగు వంతుల కాలంలో దాటేస్తుంది. బంతి ఎటు వస్తోందో చూశాక కదిలితే సరిపోదు. మరి గోల్ కీపర్లు ఎలా ఆపుతున్నారు?

ఈ రాత్రి మీ ఇంట్లో లైట్లు ఆర్పి ఒక కొవ్వొత్తి వెలిగించండి. అరచేతిని గోడకు దగ్గరగా పెట్టి నీడ చూడండి. చెయ్యంతే ఉంటుంది. ఇప్పుడు చేతిని మెల్లగా కొవ్వొత్తి వైపు జరపండి. నీడ పెరిగి పెరిగి సగం గోడను కప్పేస్తుంది. కొవ్వొత్తి అంటే బంతి, గోడ అంటే గోల్, చెయ్యి అంటే గోల్ కీపర్. బంతితో దూసుకొస్తున్నవాడికి ఎదురుగా అతను నాలుగడుగులు ముందుకు వేస్తే, తన్నేవాడికి కనిపించే ఖాళీ అంతకంత తగ్గిపోతుంది. అలాగని మరీ ముందుకు వచ్చేస్తే బంతిని తలమీదుగా వేసేస్తారు. ఎంత ముందుకు రావాలి, ఎప్పుడు ఆగాలి, బంతిని తన్నే క్షణానికి రెండు పాదాలూ నేలమీద స్థిరంగా ఉన్నాయా లేదా, ఇదంతా బంతి రాకముందు జరిగే పని. మనం చప్పట్లు కొట్టే ఆ గెంతు చివర్లో కనిపించే చిన్న ముక్క మాత్రమే. చోటు సరిగ్గా ఎంచుకున్న గోల్ కీపర్‌కు చాలాసార్లు గెంతే అవసరమే రాదు. బంతి తిన్నగా వచ్చి గుండెలకు తగులుతుంది. చూసేవాళ్లు అదేదో సులువైన బంతి అనుకుంటారు.

మైదానమంతా ఎదురుగా కనిపించేది అతనొక్కడికే కాబట్టి నోరు కూడా పనిచేయాలి. ఎవరు ఎవరిని కాచుకోవాలో, ఎవరు వెనక్కి రావాలో అరిచి చెప్పాలి. చెఖ్ ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషలు మాట్లాడతాడు. ముందు నిలబడిన డిఫెండర్‌కు వాడి సొంత భాషలో ఒక్క మాట అరిస్తే ఎంత త్వరగా అందుతుందో ఊహించండి.

పందొమ్మిదేళ్లకు అతను ప్రాగ్ నగరంలోని స్పార్టా జట్టులో ఉన్నాడు. 2001లో వరుసగా 903 నిమిషాలు ఒక్క గోలూ ఇవ్వలేదు. అంటే పది మ్యాచ్‌లకు పైగా. ఆ తరువాత ఫ్రాన్స్‌లోని రెన్ క్లబ్బులో రెండేళ్లు ఆడి, 2004లో లండన్‌లోని చెల్సీకి వచ్చాడు. ఆ మొదటి సీజన్‌లో 38 లీగ్ మ్యాచ్‌లలో చెల్సీ ఇచ్చిన గోల్స్ మొత్తం పదిహేనే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అంత తక్కువ ఇంకే జట్టూ ఇవ్వలేదు.

2006 అక్టోబర్ 14న రెడింగ్ జట్టుతో మ్యాచ్. మొదటి నిమిషంలోనే అతను బంతి కోసం నేలమీదికి వంగాడు. అటునుంచి పరుగెత్తుకొచ్చిన ఆటగాడి మోకాలు తలకు తగిలింది. పుర్రె ఎముక చిట్లి లోపలికి కుంగింది. ఆక్స్‌ఫర్డ్‌లో శస్త్రచికిత్స చేసి లోహపు పలకలు అమర్చారు. అదే మ్యాచ్‌లో అతని బదులు వచ్చిన గోల్ కీపర్ కుదిచినీ కూడా దెబ్బ తగిలి స్పృహ తప్పడంతో, కెప్టెన్ జాన్ టెర్రీ గ్లౌజులు తొడుక్కొని గోల్‌లో నిలబడాల్సి వచ్చింది. ఈ ప్రమాదం తరువాతే ఇంగ్లండ్ మైదానాల్లో ఆటగాళ్ల కోసం ప్రత్యేకంగా అంబులెన్సు ఉంచడం లాంటి నియమాలు గట్టిపడ్డాయి.

మూడు నెలల తరువాత, 2007 జనవరి 20న, లివర్‌పూల్‌తో మ్యాచ్‌కు అతను తిరిగి వచ్చాడు. తలకు రగ్బీ ఆటగాళ్లు పెట్టుకునే మెత్తటి నల్లని శిరస్త్రాణం. ఆరోజు చెల్సీ 2–0తో ఓడింది. ఆ ఓటమి సంగతి పక్కన పెట్టండి. నేను చాలాసార్లు ఆలోచించింది వేరే విషయం. బంతి కోసం మళ్లీ అలాగే పరుగెత్తే కాళ్ల మధ్యకు తల వంచి దూకాలి. అది చేయకపోతే అతను గోల్ కీపర్ కాడు. అతను దూకాడు. శిరస్త్రాణాన్ని మాత్రం ఆట మానేసే రోజు దాకా ఒక్క మ్యాచ్‌లోనూ తీయలేదు. ధైర్యమూ జాగ్రత్తా ఒకే తలమీద అంత అందంగా ఇమడడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు మ్యూనిక్. 2012 మే 19, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ ఫైనల్. ఎదుట బయెర్న్ మ్యూనిక్, అదీ వాళ్ల సొంత మైదానంలో. చెఖ్‌కు తెల్లవారితే ముప్ఫై ఏళ్లు నిండుతాయి. ఫైనల్‌కు ముందు అతను ఒక వీడియో ముందు రెండు గంటలు కూర్చున్నాడు. 2007 నుంచి బయెర్న్ ఆటగాళ్లు కొట్టిన పెనాల్టీలన్నీ అందులో ఉన్నాయి. ఎవరు ఎటు తన్నుతారు, పరుగు ఎలా మొదలుపెడతారు, అంతా చూశాడు.

మ్యాచ్ 1–1. అదనపు సమయంలో బయెర్న్‌కు పెనాల్టీ. కొట్టేది రాబెన్, ఒకప్పుడు చెల్సీలో చెఖ్‌తో కలిసి ఆడినవాడు. చెఖ్ ఆపేశాడు. చివరికి పెనాల్టీ షూటౌట్, అంటే రెండు జట్లూ వంతులవారీగా పెనాల్టీలు కొట్టి తేల్చుకోవడం, వచ్చింది. బయెర్న్ తరఫున ఐదుగురు కొట్టారు. నాలుగోవాడు ఓలిచ్‌ది ఆపాడు. ఐదోవాడు ష్వైన్‌స్టైగర్ కొట్టిన బంతి చెఖ్ వేళ్లకు తగిలి పోస్టును గుద్దుకుంది. చెల్సీ గెలిచింది.

రాబెన్‌తో కలిపి ఆ రాత్రి అతను ఎదుర్కొన్న పెనాల్టీలు ఆరు. ఆరింటికీ సరైన వైపే దూకాడు. ఇది చాలామంది చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది దాని రెండో సగం: సరైన వైపు దూకినా మూడు గోల్స్ అయ్యాయి. రెండు గంటల చదువు, 1.96 మీటర్ల శరీరం, సరైన అంచనా, ఇవన్నీ ఉండి కూడా సగం బంతులు లోపలికి పోయాయి. అయినా ఆ కప్పు అతని జట్టుదే.

ఈ వృత్తిలో ఇంకో కష్టం ఉంది. ఫార్వర్డ్ స్థానం పోతే పక్కన ఆడొచ్చు, వెనక ఆడొచ్చు. గోల్‌లో మాత్రం ఒక్కడికే చోటు. 2014లో చెల్సీ కోర్త్వా అనే కుర్రవాడిని మొదటి గోల్ కీపర్‌గా ఎంచుకుంది. చెఖ్ ఆ సీజన్ ఎక్కువ భాగం బెంచీమీదే గడిపాడు. మరుసటి ఏడాది ఆర్సెనల్‌కు మారాడు. మ్యూనిక్‌లో అంత చేసిన మనిషి అక్కడ మూడో సీజన్ దాకా ఒక్క పెనాల్టీనీ ఆపలేకపోయాడు. 2018 మార్చి 11న వాట్‌ఫర్డ్ మీద మొదటిసారి ఆపాడు. ఆ మ్యాచ్‌లో గోలు ఇవ్వలేదు కాబట్టి ప్రీమియర్ లీగ్‌లో క్లీన్ షీట్లు, అంటే ఒక్క గోలూ ఇవ్వని మ్యాచ్‌లు, 200 పూర్తయ్యాయి. అన్ని ఎవరికీ లేవు. చివరికి 443 మ్యాచ్‌లలో 202 దగ్గర ఆగాడు. అంటే మిగిలిన 241 మ్యాచ్‌లలో అతని వెనక వల కదిలింది. 2019 మే 29న బాకులో అతను ఆడిన ఆఖరి మ్యాచ్‌లోనూ నాలుగు గోల్స్ అయ్యాయి, అదీ తన పాత చెల్సీ చేతిలో.

ఆట మానేసిన కొన్ని నెలలకే అతను గిల్డ్‌ఫర్డ్ అనే పట్టణంలోని చిన్న ఐస్ హాకీ జట్టులో చేరాడు, మళ్లీ గోల్ కీపర్‌గానే! చిన్నప్పటి నుంచి ఇష్టమైన ఆటట. మొదటి మ్యాచ్‌లోనే షూటౌట్‌లో పెనాల్టీలు ఆపి జట్టును గెలిపించాడు. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఎవరూ బలవంతపెట్టకుండా మళ్లీ ఆ చోటికే వెళ్లి నిలబడ్డాడంటే, ఆ చోటును అతను ఎంత ప్రేమించి ఉండాలి!

ఇక మన మైదానం సంగతి. ఆదివారం మీరు బెంచీ దగ్గర నన్ను చూసే ఉంటారు. నా చేతిలో చిన్న పుస్తకం ఉంది. ఆ సాయంత్రం మన గోల్ కీపర్ ఆపిన బంతులు ఏడు. అందులో రెండు, మీలో ఎవరూ వెనక్కి రాకపోతే వాడొక్కడే ఎదురెళ్లి ఆపినవి. అవి ఆపినప్పుడు ఎవరూ అరవలేదు. జారిన ఎనిమిదో బంతికి అరిచారు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు నేను మైదానంలో ఉంటాను. పొడవాటి తాడు ఒకటి తెస్తాను. దాని రెండు కొసలూ రెండు గోల్ పోస్టులకు కట్టి, మధ్య భాగాన్ని బంతి దగ్గరకు లాగి పట్టుకుంటాను. ఆ రెండు తాళ్ల మధ్య, కొవ్వొత్తి ముందు చెయ్యిలాగా, మీలో ప్రతి ఒక్కరూ పది బంతులకు నిలబడాలి. గోల్స్ కొట్టేవాళ్లు కూడా. గ్లౌజులు ఉతికి ఆరబెట్టాను. మీరంతా కలిసి వాడి ఇంటికి వెళ్లి, వాణ్ణి వెంటబెట్టుకొని రండి.

మీ
తాతయ్య