నలభై గజాల పరుగు వెనక తొంభై ఏళ్ల కథ

ఏటా ఫిబ్రవరి చివర్లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌కి మూడు వందల మందికి పైగా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు వస్తారు. ఎత్తు, బరువు చూస్తారు. అరచెయ్యి చాపమని బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా కొలుస్తారు. నలభై గజాలు పరుగెత్తిస్తారు. 225 పౌండ్ల బరువు, అంటే 102 కిలోలు, ఆగకుండా ఎన్నిసార్లు పైకెత్తగలరో లెక్కపెడతారు. దీన్నే కంబైన్ అంటారు. ఏప్రిల్‌లో జరిగే డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ జట్లు ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోడానికి ఈ తతంగమంతా.

ఐపీఎల్ వేలం చూసిన కళ్లకి ఇది కాస్త వింతగా ఉంటుంది. ఇక్కడ పాట ఉండదు. గత సీజన్‌లో అట్టడుగున మిగిలిన జట్టు అందరికన్నా ముందు ఎంచుకుంటుంది, ఛాంపియన్ ఆఖరున. అలా అందరి వంతూ ఒకసారి అయితే ఒక రౌండ్. తమ వంతుని ఇంకో జట్టుకి మార్చుకోవచ్చు. కానీ ఆటగాడికి మాత్రం ఎంపిక లేదు. తనను తీసుకున్న జట్టుతోనే మాట్లాడుకోవాలి. ఈ మధ్య జీతాలు కూడా ఎంపికైన స్థానాన్ని బట్టే దాదాపుగా ఖరారైపోతున్నాయి.

ఈ పద్ధతి ఆటగాళ్ల ప్రతిభను వెలికితీద్దామని పుట్టలేదు. 1935లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ చేతులు కాల్చుకుని కూర్చున్నాడు. మంచి ఆటగాళ్లంతా డబ్బున్న జట్లకే పోతున్నారు, ఆయన జట్టు ఓడిపోతోంది, గేటు వసూళ్లు పడిపోతున్నాయి. ఓడినవాళ్లకే ముందు అవకాశం ఇద్దామని తోటి యజమానులను ఒప్పించాడు. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్-కార్ల్‌టన్ హోటల్లో తొమ్మిది జట్లు కూర్చున్నాయి. నల్లబల్ల మీద తొంభై దాకా పేర్లు. ఆటగాళ్లను వెతికి, వాళ్ల ఆట చూసి అంచనా వేసే స్కౌట్లు ఎవరిదగ్గరా లేరు. పత్రికల్లో చదివిందీ, ఎవరో చెబితే విన్నదీ అంతే. అందరికన్నా ముందు పిలిచిన పేరు జే బెర్వాంగర్. షికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు, కాలేజీ ఆటలో మేటి ఆటగాడికిచ్చే, తర్వాత హైస్మన్ ట్రోఫీగా పేరుపడ్డ బహుమతిని మొదటిసారి అందుకున్నవాడు. డబ్బు దగ్గర బేరం కుదరలేదు. ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఉద్యోగం చూసుకున్నాడు. ఆ రోజు ఎంపికైన 81 మందిలో పాతికమంది కూడా ఆ ఏడు మైదానంలోకి దిగలేదు. అప్పట్లో ఆ ఆటలో వచ్చే డబ్బు అలాంటిది మరి.

జీతమిచ్చి పూర్తికాలం స్కౌట్‌ని పెట్టుకున్న మొదటి జట్టు లాస్ ఏంజిలిస్ ర్యామ్స్. 1946లో చేరిన ఆయన పేరు ఎడ్డీ కోటల్. మిగతావాళ్లు గడప తొక్కని కాలేజీలకు వెళ్లడమే ఆయన పని. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడ్డ గ్రాంబ్లింగ్ కాలేజీ నుంచి ట్యాంక్ యంగర్ అనే ఆటగాణ్ని 1949లో ర్యామ్స్ తీసుకుంది. అలాంటి కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వచ్చిన మొదటివాడు అతనే. డ్రాఫ్ట్‌లో అతని పేరు ఎవరూ పిలవలేదన్నది గమనించాలి.

1960లో ఏఎఫ్‌ఎల్ పేరుతో పోటీ లీగ్ పుట్టాక ఆటగాళ్ల కోసం కొట్లాట మొదలైంది. స్కౌటింగ్ ఖర్చు పెరిగింది. పంచుకుంటే కలిసొస్తుందని 1963లో డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ జట్లు ఉమ్మడి స్కౌటింగ్ సంస్థ పెట్టుకున్నాయి. షికాగో చేరాక దానికి బ్లెస్టో అనే పేరొచ్చింది. డాలస్ కౌబాయ్స్, ర్యామ్స్, శాన్ ఫ్రాన్సిస్కో ఇంకో గుంపు కట్టాయి.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇక్కడే ఉంది. కౌబాయ్స్ జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్ అంతకు ముందు సీబీఎస్ టీవీలో పనిచేశాడు. 1960లో స్క్వా వ్యాలీ శీతాకాల ఒలింపిక్స్ ప్రసారాల సందర్భంలో ఐబీఎం యంత్రాలు ఫలితాలను చకచకా లెక్కగట్టడం చూశాడు. ఆటగాళ్ల ఎంపికకి ఇది పనికిరాదా అని ఐబీఎం అనుబంధ సంస్థను అడిగాడు. వాళ్లు ఈ పని అప్పగించింది సలాం ఖురేషీ అనే స్టాటిస్టిక్స్ నిపుణుడికి. అలీగఢ్ నుంచి వెళ్లిన మనవాడు. క్రికెట్ తెలుసు గానీ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఓనమాలు కూడా తెలియవు. ష్రామ్ మనుషులకేమో కంప్యూటర్ గురించి అంతే తెలుసు.

అసలు చిక్కు కంప్యూటర్‌తో రాలేదు, స్కౌట్ల మాటలతో వచ్చింది. ఒకాయన ‘చురుకైనవాడు’ అని రాస్తే కాళ్ల వేగం అని అర్థం, ఇంకొకాయన రాస్తే బుర్ర అని. పెళ్లిళ్ల పేరయ్య నోట ప్రతి పెళ్లికొడుకూ బుద్ధిమంతుడే అయినట్టు, స్కౌట్ల రిపోర్టుల్లో ప్రతివాడూ మొండిఘటమే. మొదట వందల సంఖ్యలో ఉన్న లక్షణాలను ఖురేషీ బృందం వడపోసి ఐదుకి తెచ్చింది: నడవడిక, శరీరం మీద అదుపుతో కూడిన చురుకు, పోటీతత్వం, చప్పున గ్రహించే తెలివి, కండబలం. ప్రతిదానికీ మామూలు మాటల్లో వాక్యాలు రాసి, ఆ వాక్యం ఈ కుర్రాడికి ఎంతవరకు సరిపోతుందో అంకె వెయ్యమన్నారు. ఎవరు ఉదారంగా మార్కులు వేస్తారో, ఎవరు పిసినారో కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇవాళ జట్లు వాడే గ్రేడింగ్ పద్ధతుల్లో ఈ కుదురు ఛాయలు కనిపిస్తాయి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ఫ్రిస్కోలోనే. అయినా ఖురేషీ పేరు మనవాళ్లలో ఎక్కడా వినపడదు.

కౌబాయ్స్ 1966 నుంచి 1985 దాకా వరసగా ఇరవై సీజన్లు ఓటములకన్నా గెలుపులే ఎక్కువగా ముగించింది. ఆ ఘనతంతా కంప్యూటర్‌ది అంటే మాత్రం ఒప్పుకోలేను. ఆటగాళ్ల విభాగం చూసిన గిల్ బ్రాంట్ తెగింపు అందులో చాలా ఉంది. 1964 డ్రాఫ్ట్‌లో ఆయన పదో రౌండ్‌లో తీసుకున్న రోజర్ స్టాబాక్ నౌకాదళంలో సేవ ముగించి వచ్చేసరికి 1969 అయింది. ఐదేళ్లు ఆగగల ఓపిక ఏ యంత్రమూ ఇవ్వదు.

కళ్లతో చూసేవాళ్ల పని అయిపోలేదనడానికి పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సాక్ష్యం. పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రికలో నల్లజాతి కాలేజీల ఆటను ఏళ్ల తరబడి రాసిన బిల్ నన్‌ని ఆ జట్టు స్కౌట్‌గా పెట్టుకుంది. అలబామా ఏ అండ్ ఎం కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ తడి నేల మీద పరుగెత్తితే టైమింగ్ బాగా రాలేదు. మిగతా స్కౌట్లు అదే రాసుకుని బండెక్కారు. నన్ మాత్రం ఒంట్లో బాగాలేదని వంక పెట్టి ఆగిపోయి, పొడి నేల మీద మళ్లీ పరుగెత్తించాడని చెబుతారు. 1974లో స్టాల్‌వర్త్‌ని స్టీలర్స్ నాలుగో రౌండ్‌లో తీసుకుంది. ఆ ఒక్క డ్రాఫ్ట్‌లో దానికి దక్కినవాళ్లలో నలుగురు తర్వాత ఆటలోని దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్ చేరారు. ఆ ఏటి నుంచి ఆరు సీజన్లలో నాలుగు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనళ్లు, గెలిచింది.

ఇక కంబైన్ సంగతి. అది కూడా పొదుపు కోసం, మోకాళ్ల కోసం మొదలైంది. ఒక్కో జట్టు ఒక్కో కుర్రాణ్ని విమానంలో పిలిపించి తమ డాక్టర్లకి చూపించుకునేది. అదే మోకాలిని పాతికమంది విడివిడిగా గుంజి చూసేవారు. అందర్నీ ఒకచోటికి రప్పిద్దామని 1982లో ఫ్లోరిడాలోని టాంపాలో మొదటి శిబిరం పెట్టారు. పోటీ శిబిరాలు కలిసిపోయి 1985లో ఒకటే అయింది, 1987లో ఇండియానాపొలిస్‌కి మారింది. ఇప్పటికీ జట్లకి అక్కడ నిజంగా కావలసింది మెడికల్ రిపోర్టులూ, గది మూసి చేసే ఇంటర్వ్యూలే. మనకి టీవీలో కనపడేది పరుగు.

ఆ నలభై గజాల కొలత కోచ్ పాల్ బ్రౌన్ నాటిది. గాల్లోకి తన్నిన బంతి కిందికి వచ్చేలోగా దాని వెంటపడేవాళ్లు సుమారు అంత దూరం పరుగెత్తాలి, అందుకని. అదే కొలత ముందు వరసలో ఎదుటివాళ్లని నెట్టుతూ ఆడే 140 కిలోల లైన్‌మన్‌కీ పెడతారు. అతను మ్యాచ్ మొత్తంలో ఒక్కసారైనా నలభై గజాలు తిన్నగా పరుగెత్తుతాడో లేదో! తెలిసిన స్కౌట్లు అతని మొదటి పది గజాలే చూస్తారు.

ఏది కొలుస్తారో తెలిశాక దానికే తర్ఫీదు మొదలైంది. 1995లో మైక్ మమూలా అనే ఆటగాడు ప్రత్యేకంగా ఈ పరీక్షలకే సాధన చేసి వచ్చి అదరగొట్టాడు, ఏడో స్థానంలో ఎంపికయ్యాడు. ఆట పర్వాలేదనిపించింది, అంతే. ఐదేళ్ల తర్వాత బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 5.28 సెకన్లలో ఈడ్చుకుంటూ పరుగెత్తాడు. 199వ స్థానం దాకా ఎవరూ పిలవలేదు. ఆయన ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. 2024లో జేవియర్ వర్తీ 4.21 సెకన్లతో రికార్డు కొడితే అదే ఏడు మొదటి రౌండ్‌లో పోయాడు. అంటే బ్రేడీ ఉదంతం తర్వాత కూడా స్టాప్‌వాచ్‌కి ఉన్న మోజు తగ్గలేదు.

బుర్రని కొలిచే ప్రయత్నాల కథ ఇంకా తమాషా. పన్నెండు నిమిషాల్లో యాభై ప్రశ్నల వండర్లిక్ పరీక్షని కంబైన్‌లో 2022లో ఆపేశారు. దాని చోట జట్లు సొంతంగా ఇతర పరీక్షలు కొనుక్కుంటున్నాయి. 2023లో అలాంటిదొకదానిలో క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్‌కి బాగా తక్కువ మార్కులు వచ్చాయని లీకైంది. హ్యూస్టన్ జట్టు టెక్సన్స్ రెండో స్థానంలో అతణ్నే తీసుకుంది. ఆ సీజన్ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు, దాడి విభాగంలో, అతనిదే.

పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ డ్రాఫ్టుల లెక్కలు తీశారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు తర్వాతివాడికన్నా మెరుగని తేలింది నూటికి 52 సార్లే. నాణెం ఎగరేస్తే వచ్చేదానికి దీనికీ పెద్ద తేడా లేదు. అయినా ముందు వంతు కోసం జట్లు ఎన్నో వంతులు వదులుకుంటూనే ఉన్నాయి.

ఈలోగా కాలేజీ ఆటే మారిపోయింది. 2021 జూలై నుంచి విద్యార్థులు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, కాలేజీ మారడమూ తేలికైంది. 2021లో చదువు ముగియకుండానే డ్రాఫ్ట్‌కి వచ్చినవాళ్లు వంద దాటితే, 2024లో అరవై కూడా లేరు. ఇప్పుడొచ్చే కుర్రాళ్లలో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లవాళ్లు, మూడు కాలేజీల్లో ముగ్గురు కోచ్‌ల కింద ఆడినవాళ్లు చాలామందే. పద్దెనిమిదేళ్ల ప్రత్యర్థుల మీద ఆడిన ఇరవై నాలుగేళ్లవాడి ఆటకి ఎన్ని మార్కులు తగ్గించాలి, ఏ కోచ్‌కి ఫోన్ చేసి అడగాలి అన్నదాని మీద స్కౌట్లలో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.